మసిచుక్క ఐదో వేలు

ఫిబ్రవరి 4

అత్తయ్యకి మేనకోడలి నమస్కారాలు.

గుడ్లు అందాయి. పన్నెండుకి పన్నెండూ క్షేమం. పార్సిల్ విప్పుతుంటే ఈయన పక్కనే నిలబడి, "ఒక్కటైనా పగలకూడదా? ఆమ్లెట్ అయ్యేది" అని నిట్టూర్చారు. ఒక్కో గుడ్డునీ ఒక్కో రంగు గుడ్డపేలికలో చుట్టావు. నీకింత ఓపిక ఉందని నాకు తెలీదు.

ఫోన్ చెయ్యొద్దన్నావు కాబట్టి రాస్తున్నాను. "నీ సందేహాలు చెవిలో పడితే తలనొప్పి. కాగితం మీదైతే మడిచి పక్కన పెట్టొచ్చు" అన్నావు. దయచేసి మడవకముందు ఒకసారి చదువు.

మామయ్య పోయిన ఏడాదికి, ఆయన నలభై ఏళ్లు పెంచిన జాతిని నేను నిలబెడతానని నోరు జారింది నేనే. ఒప్పుకుంటాను. చిన్నప్పుడు మీ పెరట్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనవి ఆ మసిచుక్క కోళ్లే. తెల్లటి ఒంటిమీద ఎవరో మసిచేత్తో తట్టి పరిగెత్తినట్టు ఆ చుక్కలు! కానీ ఇష్టం వేరు, పెంచడం వేరు కదా. ఇస్త్రీ చేసే ఆవిడ దగ్గర పొదుగు మీదున్న పెట్ట ఒకటి అరువు తెచ్చి, స్టోర్ రూమ్ వెనక గంపలో గుడ్లమీద కూర్చోబెట్టాను. ఇప్పుడు నా ప్రశ్నలు:

గుడ్డు కోసుగా ఉన్న వైపు ఎటుండాలి? నేను దగ్గరికెళ్తే పెట్ట గుర్రుమంటోంది, అది కోపమా, లేక పలకరింపా? పిల్లలు పుట్టాక ఏది అసలైన మసిచుక్కో, ఏది కాదో ఎలా తెలుస్తుంది? అన్నిటికన్నా ముఖ్యం, ఏది ఉండాలో ఏది పోవాలో తేల్చడానికి నేనెవర్ని?

నీ మేనకోడలు

తా.క.: పెట్ట మాత్రం గుడ్లమీద ఒక్క సందేహం కూడా లేకుండా కూర్చుంది. కాలేజీలో తత్వశాస్త్రం అదీ నేనూ చోటు మార్చుకుని చెబితే పిల్లలు బాగుపడతారు.

•

ఫిబ్రవరి 11

అనుమానాలకి అత్తయ్య ఆశీస్సులు. (నీ అసలు పేరు నాకు గుర్తుంది. ఇదే బాగా నప్పుతుంది.)

చదివాను. తర్వాతే మడిచాను.

నువ్వెవరివి అంటావేమిటి? నువ్వు తప్ప ఇంకెవరూ లేరు, అందుకే నువ్వు. పాతజాతి కోళ్ల సంఘం కార్యదర్శి నాకు ఉత్తరం రాశాడు. ఐదేళ్లుగా ప్రదర్శనలో ఎవరూ మసిచుక్కని చూపించలేదట. ఈ సెప్టెంబరులో కూడా ఒక పుంజూ రెండు పెట్టలూ, అన్ని గుర్తులతో, చూపించకపోతే జాతి పేరు రిజిస్టర్లోంచి తీసేస్తారట. మీ మామయ్య నలభై ఏళ్ల పని! ఆయన ఉండగా ఒంట్లో బాగోక వెళ్లలేకపోయారు. ఇప్పుడు ఆయనా లేరు, ఆ పేరూ పోతే ఇక నేను ఆ పెరట్లోకి చూడలేను.

కాబట్టి నేను చెప్పేది శ్రద్ధగా విను. కోళ్ల గురించి నాకు తెలిసినంత ఈ చుట్టుపక్కల ఎవరికీ తెలీదు.

ఒకటి, మేత ఎప్పుడూ దూరంనుంచి విసరాలి. దగ్గరికెళ్తే వాటికి చనువు పెరుగుతుంది. రెండు, కోడిని పరీక్షించాలంటే కుర్చీ ఎక్కి నిలబడి చూడాలి. ఎత్తునుంచి చూస్తేనే రంగు తేటగా తెలుస్తుంది. మూడు, అది నీవైపు పరిగెత్తుకొస్తే నువ్వు లోపలికెళ్లి తలుపు వేసుకోవాలి. హద్దులు నేర్పడమంటే అదే.

ఇక్కడ పుంజు ఒకటీ పెట్టలు మూడూ కులాసా. కిటికీలోంచి చూస్తుంటే కడుపు నిండిపోతుంది. ఈమధ్య ఎవరిదో ఎర్రపుంజు ఒకటి రోజూ గోడ దూకి వస్తోంది. పాపం ఒంటరిది. పోనీలే తిననీ అని దానికీ నాలుగు గింజలు ఎక్కువే విసురుతున్నాను.

ఇట్లు,
అనుభవజ్ఞురాలైన నీ అత్తయ్య

తా.క.: భయపడకు. గుడ్డు ఇరవై ఒక్క రోజుల్లో ఏదో ఒకటి తేల్చేస్తుంది. పదకొండేళ్లుగా నువ్వు పొదుగుతున్న ఆ థీసిస్‌లాంటిది కాదు.

•

ఫిబ్రవరి 27

అత్తయ్యా,

తొమ్మిది! పన్నెండింటిలో తొమ్మిది పిల్లలు! పొద్దున్న గంప ఎత్తి చూసేసరికి పెట్ట రెక్కల కిందనుంచి ఒక్కో తలా బయటికొస్తోంది. నేను ఏడ్చాను. ఈయన, "ఆమ్లెట్ కోరిక వెనక్కి తీసుకుంటున్నాను" అని గంప ముందు గంభీరంగా ప్రకటించారు.

నువ్వు చెప్పినట్టే కుర్చీ ఎక్కి పరీక్షించాను. ఒక చేతిలో పుస్తకం, ఒక చేతిలో పెన్ను. రంగైతే తెలిసింది కానీ ఇంకేమీ కనబడలేదు. దిగి, ఒక్కోదాన్నీ అరచేతిలోకి తీసుకున్నాను. (చనువు పెరుగుతుందని తెలుసు. పెరిగింది.)

ఇక్కడే చిక్కొచ్చిపడింది. అయిదు పిల్లలకి కాలికి నాలుగేసి వేళ్లు. మిగతా నాలుగింటికి అయిదేసి. వెనకవైపు ఒక వేలు అదనంగా, పైకి తిరిగి, ఎవరికో దారి చూపిస్తున్నట్టు ఉంది. నేను మూడుసార్లు లెక్కపెట్టాను. నమ్మకం కుదరక ఈయన్ని పిలిచాను. లెక్కల మేష్టారు కదా. ఆయన కూడా అయిదే అన్నారు. తర్వాత అనుమానమొచ్చి తన వేళ్లు కూడా లెక్కపెట్టుకున్నారు.

ఏవి అసలైనవి, అత్తయ్యా? మామయ్య కోళ్ల కాళ్లు నాకు గుర్తులేవు, ఎప్పుడూ గడ్డిలో ఉండేవి. నీకు తెలుస్తుంది కదా, వెంటనే రాయి.

నీ మేనకోడలు

తా.క.: ఆ ఎర్రపుంజు సంగతి. అది గోడ దూకి వచ్చేది గింజలకోసమేనా? అడగాలో వద్దో తెలీక తా.క.లో అడుగుతున్నాను.

•

మార్చి 6

అనుమానాలకి,

ఎర్రపుంజు మర్యాదస్తుడు. దాన్ని శంకించకు.

ఐదు వేళ్లేమిటే? ఏ ప్రాణికైనా ఉండాల్సినన్నే ఉండాలి. రాసుకో, తిరుగులేని లక్షణాలు చెబుతున్నాను. ఐదో వేలుంటే పనికిరాదు. కాళ్లు బూడిదరంగైతే పనికిరాదు. చెవి కింద తెల్లమచ్చ వస్తే పనికిరాదు. తురాయి ఒకపక్కకి వాలితే పనికిరాదు. ఈ నాలుగింటినీ మీ మామయ్య కష్టపడి జాతిలోంచి తీసేశారు. ఏ సంవత్సరం ఏది తీసేశారో కూడా నేను చెప్పగలను.

కాబట్టి ఆ నాలుగు పిల్లల్నీ ఇస్త్రీ ఆవిడకి ఇచ్చెయ్. అయిదింటినే పెంచు. జాతిని నిలబెట్టడమంటే జాలి పడటం కాదు. గట్టిగా ఉండాలి. నన్ను చూడు, ఈ నలభై ఏళ్లలో ఒక్క కోడినైనా ముద్దు చేశానా?

ఇట్లు,
జాలిలేని నీ అత్తయ్య

తా.క.: పిల్లల్ని చేత్తో పట్టుకున్నావా? ఒట్టి చేత్తోనా? కరవలేదా?

•

మార్చి 15

అత్తయ్యకి,

నువ్వు చెప్పినట్టే చేశాను. నాలుగింటినీ ఇచ్చేశాను. అయిదింటినీ మాత్రం పెంచుతున్నాను. బాగున్నాయి. ఇంతకుమించి రాయడానికేమీ లేదు.

నీ మేనకోడలు

తా.క.: స్టోర్ రూమ్ తలుపు పాడైంది, తెరుచుకోదు. ఎవరైనా వచ్చి, లోపలినుంచి ఏవో చప్పుళ్లు వినబడుతున్నాయని చెప్పినా నమ్మకు. అవి ఎలుకలు. పాటలు పాడే రకం.

•

జూన్ 10

అమ్మడూ,

ఈసారి వేళాకోళం లేదు.

మొన్న మధ్యాహ్నం నేను కిటికీ దగ్గర కునుకు తీశాను. పావుగంట కూడా ఉండదు. లేచేసరికి పెరడంతా తెల్లటి ఈకలు. ముంగిస. పుంజు ఒక్కటే ఎదురు తిరిగినట్టుంది, ముంగిస తోక వెంట్రుకలు కూడా కొన్ని దొరికాయి. అదీ, మూడు పెట్టలూ పోయాయి. నాకు తలుపు తీసి బయటికి వెళ్లే ధైర్యం కూడా లేకపోయింది. ముందుగదిలో అద్దెకుండే కుట్టుమిషనావిడే అంతా ఏరి శుభ్రం చేసింది.

ఎర్రపుంజు ఆరోజు నుంచి రావడం లేదు. దానికీ అభిమానం ఉంటుంది.

కాబట్టి ఇక ఈ లోకంలో మసిచుక్క అంటే నీ అయిదే. నిన్ను భయపెట్టాలని కాదు. కానీ భయపడు. రోజూ సాయంత్రం లెక్కపెట్టుకో.

అత్తయ్య

తా.క.: ఆ నాలుగు కూడా ఉంచుకోమని చెప్పాల్సిందేమో అని ఇప్పుడనిపిస్తోంది. పనికిరానివే అయినా, మీ మామయ్య గుడ్లలోంచి వచ్చినవి కదా.

•

జూన్ 18

అత్తయ్యా,

ముందు నువ్వు కూర్చో. కూర్చున్నావా? కళ్లు తుడుచుకో. ఆ నాలుగూ ఉన్నాయి.

నేను అబద్ధం చెప్పాను. మార్చిలో వాటిని బుట్టలో పెట్టుకుని ఇస్త్రీ ఆవిడ గుమ్మందాకా వెళ్లాను. ఆవిడ ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, "ఇవెందుకండీ పారేస్తున్నారు?" అంది. "మా అత్తయ్య వద్దన్నారు" అన్నాను. "మీకేమనిపిస్తోంది?" అంది. నలభై అయిదేళ్లొచ్చాయి అత్తయ్యా, నన్నెవరూ అంత సూటిగా అడగలేదు. నాకేమనిపిస్తోందో తెలీదని చెప్పాను. "తెలీనప్పుడు పారెయ్యకూడదండీ" అని మళ్లీ ఇస్త్రీపెట్టె తీసుకుంది. నేను వెనక్కి వచ్చేశాను. స్టోర్ రూమ్‌లో, థీసిస్ కాగితాల పెట్టెలమీద, అవి మూడు నెలలుగా కాపురముంటున్నాయి. ఒక పుంజు, మూడు పెట్టలు. మూడో అధ్యాయం చింపి గూడు కట్టుకున్నాయి. నాలుగో అధ్యాయం మీద తమ అభిప్రాయం వదిలాయి. మా గైడు కూడా ఇంత నిర్మొహమాటంగా ఎప్పుడూ చెప్పలేదు.

ఇప్పుడు అసలు సంగతి. నువ్వు ఉంచమన్న అయిదూ రోజురోజుకీ ఎర్రబడుతున్నాయి. మెడ ఎరుపు, రెక్క ఎరుపు, చుక్కలు ఎక్కడో వెతుక్కోవాలి. పారెయ్యమన్న నాలుగేమో తెల్లగా, మసిచేత్తో తట్టినట్టు, నా చిన్ననాటి పెరట్లోంచి నేరుగా నడిచొచ్చినట్టున్నాయి. కాళ్లు బూడిద. చెవి కింద తెల్లమచ్చ. తురాయి టోపీ పక్కకి పెట్టినట్టు వాలింది. నువ్వు వద్దన్న ప్రతి గుర్తూ ఉంది.

నాకు సందేహంగా ఉంది. నీమీద కాదు. (కొంచెం నీమీద కూడా.) ఆ నాలుగు లక్షణాలూ నీకెలా తెలుసు?

నీ మేనకోడలు

తా.క.: ఈయనకి ఈ కుట్రలో భాగముంది. స్టోర్ రూమ్ పుంజు కూత మొదలెట్టిన రోజునుంచి, పక్కింటివాళ్లకి తెలీకుండా, అది కూసినప్పుడల్లా ఈయన గొంతెత్తి పాడుతున్నారు. పక్కింటివాళ్లు వచ్చి, "మేష్టారూ, కోడిని పెంచుకోకూడదా? దానికంటే నయం కదా" అన్నారు.

•

జూలై 1

అబద్ధాలకోరుకి,

నిన్ను తిట్టాలో, ముద్దు పెట్టుకోవాలో తేల్చుకోలేక పది రోజులు ఆగాను. తేల్చుకున్నాను. తిడుతున్నాను.

నాకెలా తెలుసంటావా? మీ మామయ్య నోటుబుక్‌లో ఉంది! ఆయన స్వహస్తాలతో రాసింది! రిజిస్టర్ పార్సిల్లో పంపుతున్నాను, కళ్లారా చూసుకో. ఐదో వేలు అని రాసి అడ్డంగా గీత కొట్టేశారు. బూడిద కాళ్లు, గీత. తెల్లమచ్చ, గీత. వాలిన తురాయి, గీత. గీత పక్కన సంవత్సరం కూడా వేశారు, ఏ ఏడు విసిగిపోయి వదిలించుకున్నారో అది. ఇంతకంటే రుజువు ఏం కావాలే నీకు?

ఇట్లు,
సాక్ష్యాధారాలతో, నీ అత్తయ్య

తా.క.: నోటుబుక్ వెనక పేజీలు చూడక్కర్లేదు. బజారు జాబితాలు, అంతే.

•

సెప్టెంబరు 20

అత్తయ్యా,

రెండు నెలలు రాయలేదు. జూలైలోనే అర్థమైంది, కానీ నా సంగతి తెలుసు కదా, ఇంకెవరో తీర్పు చెప్పేదాకా నా కళ్లని నేను నమ్మను. నిన్న తీర్పొచ్చింది. ఈ ఉత్తరం, మామయ్య నోటుబుక్ ఈయన చేతే పంపుతున్నాను. ఆయన చేతిలో ఇంకొకటి కూడా ఉంది. దానికి ఇప్పుడే కంగారుపడకు, చివరిదాకా చదువు.

నువ్వు చూడక్కర్లేదన్న వెనక పేజీలే నేను ముందు చూశాను. బజారు జాబితాలు. "సబ్బు", గీత. "బల్బు", గీత. "గూటికి కొత్త గొళ్లెం", గీత. "ఆవిడ కళ్లజోడు బాగుచేయించాలి", గీత. ఆ కళ్లజోడు పెట్టుకునే కదా ఇది చదువుతున్నావు? మామయ్య వద్దనుకున్నవాటిని కొట్టెయ్యలేదు అత్తయ్యా. అయిపోయినవాటిని కొట్టేశారు. ముప్ఫై ఏళ్లు గోదాములో స్టోర్‌కీపరుగా చేసిన మనిషి. సరుకు వచ్చి, సరిచూసుకున్నాక గీత కొట్టడం ఆయన చేతికి అలవాటు. ఐదో వేలు ఏ సంవత్సరం జాతిలో స్థిరపడిందో, ఆ సంవత్సరం దానిమీద గీత కొట్టి పక్కన వేసుకున్నారు.

అయినా నిన్న ప్రదర్శనకి రెండు గంపలూ తీసుకెళ్లాను. న్యాయనిర్ణేత రిటైరైన పశువుల డాక్టరు, కళ్లద్దాలు తాడుకి వేలాడేసుకున్న పెద్దాయన. మొదటి గంపలోని అయిదింటినీ చూసి, "పుష్టిగా ఉన్నాయమ్మా, కానీ వీటి తండ్రెవరో ఎర్రటాయనలా ఉన్నాడు" అన్నారు. "ఇంకేమైనా తెచ్చారా?" అన్నారు. "తెచ్చాను, కానీ..." అన్నాను. "కానీ ఏమిటి?" "ఏం లేదండీ, అది నా ఊతపదం."

రెండో గంప మూత తీశాను. ఆయన పుంజుని ఎత్తి, తిరగేసి, కాలి వేళ్లు ఒక్కొక్కటే వేలితో తాకుతూ లెక్కపెట్టారు. అయిదు దగ్గర ఆగి అద్దాలు తీసి తుడుచుకున్నారు. "ఈ కాలు చూసి ఆరేళ్లయింది" అన్నారు. "వీటిని పెంచినాయన మీకేమవుతారు?" "మామయ్య." "మరి ఇన్నాళ్లూ వీటిని ఎక్కడ దాచారు?" నిజమే చెప్పాను. "నా థీసిస్‌లో."

మొదటి బహుమతి, అత్తయ్యా! పుంజుకి మొదటిది, పెట్టలకి మొదటిది, ప్రదర్శన మొత్తానికీ మొదటిది! కార్యదర్శి అందరి ముందూ "తొలగించవలసిన పేర్లు" అన్న కాగితం తీసి, మసిచుక్క అన్న పేరుమీద అడ్డంగా గీత కొట్టేశాడు. మామయ్య గీతలాంటి గీత. మైదానమంతా చప్పట్లు. ఈయన ఆనందం పట్టలేక పాట ఎత్తుకున్నారు. పుంజు అలవాటుకొద్దీ అందుకుంది. కోడిపిల్లలకోసం అక్కడికక్కడే పదకొండుమంది పేర్లు రాయించుకున్నారు. జీవితంలో మొదటిసారి, ఒక పని పూర్తయిందా లేదా అని నాకు అనుమానం రాలేదు.

ఒక్క ప్రశ్న మిగిలింది. నోటుబుక్ వెనక జాబితాలు ఇరవై ఏడున్నాయి. ప్రతి జాబితాలోనూ ఆఖరి వాక్యం ఒకటే. ఒక్కసారి కూడా దానిమీద గీత లేదు. "ఆవిడ చేత ఒక్క కోడినైనా పట్టించాలి."

ఈ "ఆవిడ" ఎవరు, అత్తయ్యా?

నీ మేనకోడలు

తా.క.: ఈయన చేతిలో ఉన్నది గంప. గంపలో ఉన్నది మూడు పెట్టల్లోకెల్లా నెమ్మదైనది. తలుపు వేసుకోకు.

•

సెప్టెంబరు 29

బంగారుతల్లికి,

తలుపు వేసుకున్నాను. అల్లుడు గుమ్మం బయట గంట కూర్చున్నాడు. పాడతానని బెదిరించాక తీశాను.

ఆవిడ నేనే. పెళ్లైన మొదటి వారం ఆ పెరట్లో ఒక కోడి నా బొటనవేలు పొడిచింది. మళ్లీ గడప దాటలేదు. మేత కిటికీలోంచి విసిరాను. నీ గుడ్లు కుట్టుమిషనావిడ ఏరి, ఆవిడ పేలికల్లోనే చుట్టింది. నాకు తెలీదని ఒప్పుకుంటే నువ్వు, "మీకే తెలీకపోతే నావల్లెక్కడవుతుంది?" అని జారుకుంటావని, అన్నీ తెలిసినట్టు రాశాను. నీ అనుమానం నన్ను నమ్మకపోబట్టి బతికిపోయాం.

ఒక్క మాట మాత్రం నిజం, చాలా శ్రద్ధగా చూశాను. పొద్దున్నే ఆయన ఒక్కో కోడినీ రెండు కాళ్లూ పిడికిట్లో పట్టుకుని కిటికీ దగ్గరికెత్తి, "ఇదెలా ఉంది?" అని అడిగేవారు. నలభై ఏళ్లు. వీపు చూశాను, మెడ చూశాను, చుక్కలు చూశాను. కాళ్లెప్పుడూ ఆయన చేతిలోనే ఉండేవి. ఐదో వేలు నాకెలా కనిపిస్తుందే?

మొన్న కుర్చీలో కూర్చున్నాను. అల్లుడు దాని తల అటు తిప్పి పట్టుకున్నాడు. నేను కళ్లు మూసుకుని చేతులు చాపాను. ఇంత వెచ్చగా ఉంటాయని ఆయనెందుకు చెప్పలేదు? చెప్పే ఉంటారు. గుండె టకటకా కొట్టుకుంటోంది, నాదో దానిదో తెలీలేదు. కాసేపటికి కళ్లు తెరిచి కాలు పట్టుకుని లెక్కపెట్టాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు. అయిదు.

నోటుబుక్ తిప్పి పంపుతున్నాను. వెనక పేజీలన్నీ చూసుకో. ఆఖరి లైను నేనే కొట్టేశాను, ఇరవై ఏడు చోట్లా. చెయ్యి లాగేస్తోంది. తేదీ కూడా వేశాను.

ఇట్లు,
కోడిని పట్టిన నీ అత్తయ్య

తా.క.: ఇది నా దగ్గరే ఉంటుంది. నీ పుంజుకి కొడుకు పుట్టగానే తోడుకి పంపు. మంచి కుటుంబంలోంచి మరో సంబంధం వచ్చినా చూస్తాను. ఎర్రది మాత్రం వద్దు.